ఇత్తడి వాద్యాల కథ - 7: మౌంట్ వెర్నన్ ట్రంపెట్

పోయిన నెల భాగాన్ని వియన్నాలో ఆపాం. తన కోసమే హైడన్ 1796లో రాసిన కన్చెర్టోని ఆంటోన్ వైడింగర్ 1800 మార్చి 28న బుర్గ్ థియేటర్లో మీటల ట్రంపెట్ మీద వాయించి వినిపించాడు. గొట్టానికి బెజ్జాలు పెట్టి, మీటలతో మూస్తూ తెరుస్తూ ఉంటే అంతదాకా కరువైన స్వరాలు దొరికాయి. కానీ బెజ్జం తెరిచినప్పుడల్లా నాదం పలచబడిపోయింది. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. ఈ నెల చెప్పుకునేది నిలిచిన పద్ధతి గురించి, ఆ పద్ధతిలో రూపుదిద్దుకున్న ఒక్క వాద్యం గురించి. 1950లలో న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న మౌంట్ వెర్నన్ ఊళ్లో తయారైన బాక్ కంపెనీ సి ట్రంపెట్, అంటే సి శ్రుతిలో పలికే ట్రంపెట్ అది. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు ఈనాటికీ దాన్ని వెతుక్కుని మరీ కొంటారు.

దాని విలువ తెలియాలంటే ముందు గొట్టం సంగతి తెలియాలి. మీటా వాల్వూ ఏదీ లేని ఇత్తడి గొట్టంలో ఊదితే అన్ని స్వరాలూ పలకవు. పెదవులు బిగించే కొద్దీ నాదం ఒక్కో మెట్టూ పైకి దూకుతుంది. మన స్వరాల్లో చెప్పుకుంటే రెండో మెట్టు షడ్జమం, మూడోది పంచమం, నాలుగోది పై షడ్జమం, ఐదోది అంతర గాంధారం, ఆరోది మళ్లీ పంచమం. ఏడో మెట్టు కైశికి నిషాదం కన్నా కొంచెం కిందగా పడుతుంది. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ ఎటూ కాకుండా వేలాడుతుంది. ఎనిమిదో మెట్టు దాటితే గానీ స్వరాలు పక్కపక్కన దొరకవు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కాలపు ట్రంపెట్ విద్వాంసులు పాట వాయించాలంటే ఆ ఎత్తుకి ఎక్కి అక్కడే తిరగాల్సి వచ్చేది. వాళ్ల డి ట్రంపెట్ గొట్టం దాదాపు 7 అడుగుల పొడవు. అందులో మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం సుమారు 73 హెర్ట్‌జ్‌లు. పైకి వెళ్లే కొద్దీ ఆ 73 హెర్ట్‌జ్‌లు చెవికి చాలా చిన్న దూరంగా వినిపిస్తాయి. పెదవి రవ్వంత తప్పితే పక్క మెట్టు పలికేస్తుంది.

ఇక్కడి నుంచి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, గొట్టం పొడవుని వాయిస్తూ ఉండగానే మార్చుకునే ఏర్పాటు. రెండోది, అసలు గొట్టాన్నే పొట్టిగా చెయ్యడం. మొదటి దారి పట్టినవాళ్లు హైన్‌రిఖ్ ష్టోల్ట్‌సెల్, ఫ్రెడరిక్ బ్లూమెల్. 1818లో ఇద్దరూ కలిసి వాల్వుకి ప్రష్యాలో పేటెంటు తీసుకున్నారు. 1835లో వియన్నాలో యోసెఫ్ రీడిల్ తిరిగే వాల్వుకి, 1839లో పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినే నిలువు పిస్టన్‌కి మెరుగైన రూపం ఇచ్చారు. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళంలో ట్రంపెట్ మీద కనిపించే మూడు పిస్టన్లు పెరినే వంశానివే.

ఆ మూడు పిస్టన్ల లెక్క చూడముచ్చటగా ఉంటుంది. మధ్య పిస్టన్ నొక్కితే గాలి ఒక చిన్న అదనపు గొట్టంలోంచి తిరిగి వస్తుంది, నాదం ఒక స్వరస్థానం దిగుతుంది. మొదటిది రెండు స్వరస్థానాలు, మూడోది మూడు స్వరస్థానాలు దించుతాయి. వీటిని కలిపి నొక్కితే ఒకటి నుంచి ఆరు దాకా ఎన్ని కావాలంటే అన్ని దిగవచ్చు. రెండో మెట్టు షడ్జమానికీ మూడో మెట్టు పంచమానికీ మధ్య ఖాళీగా ఉన్న స్వరస్థానాలు సరిగ్గా ఆరు. మూడు వేళ్లతో ఆ ఖాళీ మొత్తం పూడిపోతుంది.

అయితే ఈ లెక్కలో పుట్టుకతో వచ్చిన ఒక లోపం ఉంది. సి ట్రంపెట్ గొట్టం పొడవు దాదాపు 131 సెంటీమీటర్లు. ఒక స్వరస్థానం దిగడానికి సుమారు 7.8 సెంటీమీటర్లు, రెండు దిగడానికి 16, మూడు దిగడానికి 24.8 సెంటీమీటర్ల గొట్టం అదనంగా కావాలి. మూడూ కలిపి నొక్కితే 48.6 సెంటీమీటర్లు చేరతాయి. కానీ ఆరు స్వరస్థానాలు దిగాలంటే నిజంగా కావలసింది 54.3. 5.7 సెంటీమీటర్లు తక్కువ పడ్డాయి కాబట్టి శ్రుతి పైకి పోతుంది. మంచి ట్రంపెట్‌కి మూడో వాల్వు గొట్టం మీద వేలు దూర్చుకునే ఉంగరం ఉండేది ఇందుకే. వాయించే మనిషి ఎడమ చేతి వేలితో ఆ గొట్టాన్ని బయటికి తోసి, తక్కువైన పొడవుని అప్పటికప్పుడు సరిచేస్తాడు. ప్రేక్షకుల్లో ఎవరూ గమనించని ఈ కదలిక ఒక్క కచేరీలో ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క ఉండదు.

రెండో దారి మాత్రం నెమ్మదిగా పడింది. వాల్వులు వచ్చాక కూడా పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ఆర్కెస్ట్రాల్లో వాడింది 6 అడుగుల ఎఫ్ ట్రంపెట్‌నే. నిండుగా, గంభీరంగా పలికేది. వాగ్నర్, బ్రూక్‌నర్ల సంగీతం రాను రాను ఎత్తుకీ వేగానికీ పోతుంటే ఆ పొడుగు గొట్టం మీద తప్పు పలకకుండా నెగ్గుకు రావడం కష్టమైంది. జర్మన్లు బి-ఫ్లాట్‌కి దిగారు, తిరిగే వాల్వులు మాత్రం వదల్లేదు. ఫ్రెంచివాళ్లు అంతకన్నా పొట్టి సి గొట్టానికి వచ్చారు. పారిస్ కన్సర్వేటరీలో 1894 నుంచి 1925 దాకా ట్రంపెట్ నేర్పిన మెర్రి ఫ్రాంకాఁ సి ట్రంపెట్ కోసం గట్టిగా వాదించాడు. సి గొట్టంలో మెట్టుకీ మెట్టుకీ దూరం దాదాపు 131 హెర్ట్‌జ్‌లు. పాత డి ట్రంపెట్‌తో పోలిస్తే రెట్టింపుకి కొంచెం తక్కువ. కోరుకున్న స్వరం మీద వాలడం ఆ మేరకు సులువు. బదులుగా నాదంలో కొంత బరువు పోతుంది. పొట్టి గొట్టంతోనే పొడుగు గొట్టం గాంభీర్యాన్ని రాబట్టడం ఎలా? తరవాతి యాభై ఏళ్ల పనితనమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అమెరికన్ ఆర్కెస్ట్రా ట్రంపెట్ అని ఈ రోజు మనం అంటున్న దాని పుట్టుక ప్రయోగశాలలో జరగలేదని నా గట్టి నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధం మనుషుల్ని చెదరగొట్టింది. అలా చెదిరిన వాళ్లు ఒక చోట కలవబట్టే అది పుట్టింది.

విన్సెంట్ బాక్ అసలు పేరు విన్‌ట్సెన్‌ట్స్ ష్రోటెన్‌బాఖ్. వియన్నా దగ్గరి బాడెన్‌లో 1890లో పుట్టాడు. మహా సంగీతకర్త బాఖ్‌తో చుట్టరికం ఏమీ లేదు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, మనసు పడింది ట్రంపెట్‌కి చెల్లెలు లాంటి కార్నెట్ మీద. చేతిలో ఉన్న ఇంజనీరింగ్‌ని పక్కన పెట్టి వేదికల మీద కార్నెట్ సోలోలు వాయిస్తూ దేశాలు తిరగడం మొదలుపెట్టాడు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఆస్ట్రియన్ కాబట్టి అక్కడ శత్రుదేశపు మనిషి. అక్కడి నుంచి న్యూయార్క్ చేరేసరికి జేబులో 5 డాలర్లే ఉన్నాయని చెబుతారు. బోస్టన్ సింఫనీ నిర్వాహకుడు (కండక్టర్) కార్ల్ మూక్‌కి ఉత్తరం రాశాడు. మూక్ పిలిచి, వాయింపు విని, చేర్చుకున్నాడు. ఆ తరవాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో మొదటి ట్రంపెట్ కుర్చీ దక్కింది.

పర్యటనలో ఉండగా పిట్స్‌బర్గ్‌లో అతని జీవితం మలుపు తిరిగింది. తన మౌత్‌పీస్‌ని చిన్న మరమ్మతు కోసం ఒక పనివాడికి ఇస్తే, అతను దాన్ని పాడు చేసి ఇచ్చాడు. ఇత్తడి వాద్యం వాయించేవాడికి మౌత్‌పీస్ పోవడమంటే ఏమిటో బయటివాళ్లకి తెలియదు. ఆ అంచు వంపు, ఆ గిన్నె లోతు ఏళ్ల తరబడి పెదవికి అలవాటు పడి ఉంటాయి. అంగుళంలో కొన్ని వెయ్యో వంతులు తేడా వచ్చినా పెదవి ఒప్పుకోదు. బాక్ ఎంత వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకలేదు. దాంతో వదిలేసిన ఇంజనీరు మళ్లీ లేచాడు. 1918లో 300 డాలర్లకి కాలితో తొక్కే లేత్ ఒకటి కొని, న్యూయార్క్‌లో సెల్మర్ వాద్యాల దుకాణం వెనక భాగంలో మౌత్‌పీస్‌లు తొలచడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఇవి ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేవాళ్లు, ఒకటి పోతే సరిగ్గా అలాంటిది రెండోది దొరికేది కాదు. బాక్ ప్రతిదానికీ నంబరు పెట్టి, కొలత రాసి, ఎన్నిసార్లు చేసినా అదే వచ్చేటట్టు చేశాడు. ప్రపంచంలో ట్రంపెట్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఈ రోజుకీ మొదట చేతిలోకి తీసుకునే 7సి అనే నంబరు ఆ కొలతల వరసలోదే.

అదే ఏడాది బోస్టన్‌లో ఇంకో సంఘటన జరిగింది. 1918 మార్చిలో కార్ల్ మూక్‌ని శత్రుదేశీయుడిగా అరెస్టు చేసి జార్జియా రాష్ట్రంలోని నిర్బంధ శిబిరానికి పంపారు. జర్మన్ వాద్యకారులు కూడా పలువురు ఆర్కెస్ట్రాకి దూరమయ్యారు. అంతదాకా జర్మన్ సంప్రదాయంలో నడిచిన బోస్టన్ సింఫనీ ఒక్కసారిగా ఫ్రాన్స్ వైపు తిరిగింది. 1919లో పియేర్ మోంత్యూ నిర్వాహకుడుగా వచ్చాడు. ఆ ఫ్రెంచి గాలిలో వచ్చినవాడే జార్జ్ మాజే. 1920 నుంచి 1950 దాకా బోస్టన్‌లో మొదటి ట్రంపెట్ అతనిది. అతని వెంట ఫ్రెంచి సి ట్రంపెట్ కూడా అమెరికా వచ్చింది. యుద్ధమే లేకపోతే బోస్టన్ మరి కొన్ని తరాలు తిరిగే వాల్వుల జర్మన్ ట్రంపెట్లే వాయించేదని అనుకోవడానికి కారణం ఉంది. బెర్లిన్, వియన్నా ఆర్కెస్ట్రాలు నేటికీ వాటిని వదల్లేదు మరి.

న్యూయార్క్‌లో బాక్ 1924లో ట్రంపెట్లు చెయ్యడానికి దిగాడు. ఆస్ట్రియాలో పుట్టినవాడైనా తన నమూనాకి ఆధారంగా తీసుకున్నది పారిస్ బెసోన్ కంపెనీ ట్రంపెట్‌ని. అప్పట్లో మేలురకం పిస్టన్ ట్రంపెట్ అంటే అదే. ఫ్రెంచి ఆకారానికి మధ్య యూరప్ ఇంజనీరు కొలతలు తోడయ్యాయి. ఒకసారి పరీక్షించిన వాద్యకారులు, పేరుమోసిన వయొలిన్లతో పోల్చి, అసలు సిసలు స్ట్రాడివేరియస్ అన్నారట, ఆ పేరే ఖాయమైంది. 1928లో బ్రాంక్స్‌కీ, 1953లో మౌంట్ వెర్నన్‌కీ కర్మాగారం మారింది.

బాక్ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది అతని కార్డులు. తయారైన ఒక్కో ట్రంపెట్‌కి ఒక్కో కార్డు. వరస సంఖ్య, గొట్టం లోపలి కొలత, బెల్ నంబరు, మౌత్‌పైప్ నంబరు, ఎవరికి వెళ్లిందీ వంటి వివరాలు అందులో రాసి ఉండేవి. ఎవరైనా వాద్యకారుడు పదేళ్ల తరవాత వచ్చి అలాంటిదే కావాలంటే కార్డు తీసి చూస్తే చాలు. వందల ఏళ్లుగా ఇత్తడి పని తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి, మాటా రాతా లేకుండా నడిచింది. ఆ చేతిపనిని పాడు చెయ్యకుండానే కాగితం మీదకి ఎక్కించిన మనిషి బాక్. ఆ కార్డుల వల్లనే ఈ రోజు పాత బాక్ ట్రంపెట్ చరిత్రని వరస సంఖ్య పట్టుకుని వెతకగలుగుతున్నారు.

ఇక వాద్యం నిర్మాణం. గుండెకాయ లాంటి భాగం బెల్, అంటే చివర విచ్చుకునే నోరు. దాదాపు అర మిల్లీమీటరు మందం ఇత్తడి రేకుని ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా కత్తిరిస్తారు. మామూలు పసుపు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఆ రేకుని పొడుగునా మడిచి, అంచులు కలిపి, మంటతో అతుకు వేస్తారు. అతుకు దగ్గర మందం పెరుగుతుంది కాబట్టి సుత్తితో కొట్టి మిగతా రేకుతో సమం చేస్తారు. కొట్టే కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసుబారుతుంది, అందుకని ఎర్రగా కాల్చి మెత్తబరచి మళ్లీ కొడతారు. తరవాత ఉక్కుతో చేసిన అచ్చు మీదకి ఎక్కించి, లేత్ మీద తిప్పుతూ పొడవాటి పనిముట్టుతో నొక్కి, రేకు అచ్చుని అంటుకుపోయేలా సాగదీస్తారు. చివరికి నోటి అంచు చుట్టూ సన్నని తీగ పెట్టి రేకుని దాని మీదకి మడుస్తారు. ఆ తీగ కూడా నాదాన్ని మారుస్తుంది. బాక్ బెల్ నంబర్లన్నీ నిజానికి ఈ ఉక్కు అచ్చుల నంబర్లు. బి-ఫ్లాట్‌లో 37, సి ట్రంపెట్‌లో 229 ఎక్కువ పేరు పొందాయి.

బెల్ విచ్చుకునే వంపు అందం కోసం వచ్చింది కాదు. ఒక కొస మూసిన, అంతటా ఒకే వెడల్పు ఉన్న గొట్టం ఒకటి, మూడు, ఐదు లెక్కన బేసి మెట్లే ఇస్తుంది. ట్రంపెట్‌లో ఆ కొసని మూసేది వాయించేవాడి పెదవులు. మరి మనం మొదట చెప్పుకున్న రెండు, మూడు, నాలుగు వరస ఎలా వచ్చింది? భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ దీన్ని వివరంగా చెప్పాడు. బెల్ వంపు కింది మెట్లని పైకి నెడుతుంది, మౌత్‌పీస్ గిన్నె పై మెట్లని కిందికి లాగుతుంది. రెండు కొసల నుంచి వచ్చే ఈ ఒత్తిళ్లు సరిగ్గా కుదిరితేనే మెట్లు వరసలో పడతాయి. వంపు ఎక్కడో రవ్వంత తేడా పడితే ఒక స్వరం వంకర పోతుంది. దాన్ని దిద్దబోతే ఇంకోటి పోతుంది. ఏ లోపమూ లేని ట్రంపెట్ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు, ఏ లోపాన్ని భరించాలో ఎంచుకోవడమే తయారీదారు చెయ్యగలిగింది. సి ట్రంపెట్‌లో ఐదో మెట్టు కాస్త దిగువకి జారుతుంది. అందుకే ఆర్కెస్ట్రా వాద్యకారులు ఆ స్వరాన్ని వట్టి గొట్టం మీద పలికించకుండా, ఆరో మెట్టుకి వెళ్లి అక్కడి నుంచి మొదటి రెండు పిస్టన్లు నొక్కి మూడు స్వరస్థానాలు దిగి పట్టుకుంటారు.

గొట్టం లోపలి వ్యాసం కూడా బాక్ రకరకాలుగా చేశాడు. మీడియం లార్జ్ అన్నది 0.459 అంగుళాలు, లార్జ్ 0.462. తేడా అంగుళంలో వెయ్యికి మూడు వంతులు, ఒక కాగితం మందం కూడా లేదు. అయినా వాయించేవాడికి ఊపిరిలో తెలిసిపోతుంది. మౌత్‌పీస్‌కి వాల్వులకీ మధ్య ఉండే సన్నని మౌత్‌పైప్ క్రమంగా వెడల్పయ్యే తీరు అంతకన్నా ముఖ్యం. పాత వాద్యాల మహిమంతా ఆనాటి లోహంలో ఉందని నమ్మేవాళ్లున్నారు. లోహం ప్రభావం అసలు లేదని నేననను గానీ, గాలి నిలబడే ఆకారం ముందు అది చిన్నదే. మౌంట్ వెర్నన్ రహస్యం అచ్చుల్లోనూ కార్డుల్లోనూ, పిస్టన్లని గదిలో కూర్చుని చేత్తో అరగదీసిన పనివాళ్ల ఓపికలోనూ ఉందని నా అభిప్రాయం.

ఆ వాద్యానికి లోకమంతటా పేరు తెచ్చినవాడు ఆడాల్ఫ్ హెర్సెత్. 1921లో మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టాడు, కాలేజీలో గణితం చదివాడు, యుద్ధకాలంలో నౌకాదళం బ్యాండులో వాయించాడు. తరవాత బోస్టన్‌లో జార్జ్ మాజే దగ్గర చేరాడు. ఫ్రెంచి సి ట్రంపెట్ సంప్రదాయం అలా ఒక పల్లెటూరి అమెరికన్ చేతికి వచ్చింది. 1948లో షికాగో సింఫనీలో మొదటి ట్రంపెట్ కుర్చీలో కూర్చుని, 2001 దాకా, అంటే 53 ఏళ్లు, ఆ కుర్చీ దిగలేదు. మధ్యలో 1952లో కారు ప్రమాదంలో పెదవి చీలి, పళ్లు పోయాయి. ట్రంపెట్ వాయించేవాడికి అంతకు మించిన విపత్తు లేదు. కోలుకుని, మౌత్‌పీస్ మార్చుకుని, మళ్లీ అదే కుర్చీకి వచ్చాడు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్న ఆ పట్టుదల గురించి ఇత్తడి వాద్యకారులు ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకుంటారు.

1953లో ఫ్రిట్‌జ్ రైనర్ షికాగోకి వచ్చాడు. కచ్చితత్వం విషయంలో ఎవరినీ క్షమించని నిర్వాహకుడు. 1950ల మధ్యలో షికాగో ట్రంపెట్ బృందం మౌంట్ వెర్నన్ నుంచి పెద్ద గొట్టం సి ట్రంపెట్ల సెట్టు తెప్పించుకుంది. బృందమంతా ఒకే రకం వాద్యం పట్టడంతో నలుగురి నాదం ఒక్కటిగా కలిసింది. పొట్టి గొట్టంతో పొడుగు గొట్టం బరువు ఎలా రాబట్టాలన్న పాత ప్రశ్నకి ఇదీ జవాబు: గొట్టం లోపలి వ్యాసం పెంచి, బెల్ వంపు తగ్గట్టు సర్ది, పెద్ద మౌత్‌పీస్ పెట్టి, దాన్ని నింపగల ఊపిరి ఉన్న మనిషి చేతికివ్వడం. నాలుగోది లేకపోతే మొదటి మూడూ దండగ.

వినాలనుకునేవాళ్లకి రెండు రికార్డింగులు చెబుతాను. 1957 డిసెంబరులో రైనర్ చేయించిన ముసోర్గ్‌స్కీ 'పిక్చర్స్ ఎట్ ఎన్ ఎగ్జిబిషన్'. రావెల్ 1922లో ఆర్కెస్ట్రాకి మలిచిన ఆ కృతి తోడెవ్వరూ లేని ట్రంపెట్‌తో మొదలవుతుంది. రెండోది 1970లో షికాగోలోని మెడైనా టెంపుల్‌లో జార్జ్ షోల్టీ రికార్డు చేసిన మాలర్ ఐదో సింఫనీ. 1904లో కొలోన్‌లో తొలిసారి వినిపించిన ఈ సింఫనీని కూడా ట్రంపెట్ ఒంటరిగా తెరుస్తుంది. మెల్లగా, శవయాత్ర నడకలో, ఒకే స్వరం మీద మూడు చిన్న దెబ్బలు, ఒక నిలుపు. మళ్లీ అదే, ఆ తరవాత మెట్లు ఎక్కుతూ పోయి మొత్తం ఆర్కెస్ట్రా మీద పడుతుంది. హెర్సెత్ మొదటి దెబ్బల్ని ఎంత చిన్నగా, ఎంత శుభ్రంగా విడదీశాడో గమనించండి. వైడింగర్ మీటలతో వెతికిన సమతూకం ఇక్కడ దొరుకుతుంది. కింది స్వరానికీ పై స్వరానికీ నాదం రంగు మారదు.

అదే బృందంలో అంతకు ముందు వాయించిన రెనాల్డ్ షిల్కే 1956లో షికాగోలో సొంతంగా ట్రంపెట్ల కర్మాగారం పెట్టాడు. అతని ఆలోచనలు బాక్ ఆలోచనలకి చాలాచోట్ల ఎదురు నడుస్తాయి, వాటికి విడిగా చోటు కావాలి.

బాక్‌కి డెబ్బై ఏళ్లు దాటాయి. 1961లో కంపెనీని అమ్మేశాడు. ఎక్కువ ధర ఇస్తామన్నవాళ్లు వేరే ఉన్నా సెల్మర్‌నే ఎంచుకున్నాడని కంపెనీ చరిత్ర చెబుతుంది. కాలి లేత్‌తో మొదలుపెట్టినప్పుడు చోటిచ్చింది ఆ పేరున్న దుకాణమే. 1960ల మధ్యలో యంత్రాలు, ఉక్కు అచ్చులు, పనిముట్లు అన్నీ ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌కి తరలిపోయాయి. బాక్ 1976 జనవరిలో చనిపోయాడు. ఎల్కార్ట్‌లో ఈ రోజుకీ 37 నంబరు బెల్‌తో, 229 నంబరు బెల్‌తో ట్రంపెట్లు తయారవుతున్నాయి. 'షికాగో' పేరుతో పాత పెద్ద గొట్టం సి ట్రంపెట్ నమూనా ఒకటి అమ్మకంలో ఉంది. మిగతా దేశాల తయారీదారుల్లో చాలామంది ఆ కొలతల నుంచే బయలుదేరి తమ మార్పులు చేసుకున్నారు.

(వచ్చే నెల: రెనాల్డ్ షిల్కే, ఆర్థర్ బెనేడ్ - ట్రంపెట్ మీద భౌతిక శాస్త్రం)